మూలమూ వ్యాఖ్యానమూ: దివ్యజ్ఞాన సమాజం

సంస్కృత కావ్యాలకు వ్యాఖ్యానాలు రచించిన వారిలో మల్లినాథసూరి అగ్రగణ్యుడు. నేటి మెదక్ జిల్లాలోని కొల్చారం ఆయన స్వగ్రామం. కాళిదాసు కావ్యాలను చదివే ప్రతి విద్యార్థీ ఆయన 'సంజీవని' వ్యాఖ్య చేయి పట్టుకొనే నడుస్తాడు. వ్యాఖ్యారంభంలో మల్లినాథుడు ఒక ప్రతిజ్ఞ చేశాడు. మూలంలో లేనిదేదీ రాయననీ, అవసరం లేనిదేదీ చెప్పననీ ఆ ప్రతిజ్ఞ సారాంశం. వ్యాఖ్యాతకు తన పాండిత్యాన్నీ, తన అభిమతాన్నీ మూలంపై రుద్దాలనే కోరిక కలగడం సహజం. ఆ కోరికకు ఆయన తానే పగ్గం వేసుకొన్నాడు.

ఒక దేశపు మతగ్రంథాలను మరొక దేశం వారు వ్యాఖ్యానించేటప్పుడు ఈ ప్రతిజ్ఞ విలువ మరింత స్పష్టమవుతుంది. పంతొమ్మిదవ శతాబ్దంలో భారతీయ మతాలను పాశ్చాత్యులు పలు దృష్టులతో చదివారు. మత ప్రచారకులు ఖండించడానికి చదివారు. భాషాశాస్త్రవేత్తలు వ్యాకరణం కోసం, చరిత్ర కోసం చదివారు. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ వంటివారు తాళపత్రాలను సేకరించి, పండితులను పక్కన కూర్చోబెట్టుకొని, పాఠాంతరాలను పోల్చి చూశారు. 1829లో ఆయన ప్రచురించిన వేమన పద్యాల సంకలనం అటువంటి శ్రమకు ఫలం. వీరెవరికీ చెందని మరొక వర్గం కూడా ఉంది. ప్రపంచ మతాలన్నింటి అడుగున రహస్యమైన ఒకే జ్ఞానం దాగి ఉందనీ, దానిని కొందరు సిద్ధపురుషులు తరతరాలుగా కాపాడుతున్నారనీ నమ్మిన వర్గం అది. వీరిని గుప్తవిద్యావాదులు అనవచ్చు. వీరి వ్యాఖ్యానం తెలుగుదేశాన్ని, ముఖ్యంగా మదనపల్లె సీమను తాకిన తీరు విశేషమైనది. ఆ వ్యాఖ్యానాన్ని లోపలి నుంచి ప్రశ్నించినవాడూ తెలుగువాడే. ఆ వ్యాఖ్యానానికే తాను ఉదాహరణగా మారి, చివరకు దానిని తోసిపుచ్చినవాడూ తెలుగువాడే.

దివ్యజ్ఞాన సమాజం 1875 నవంబరు 17న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో ఆవిర్భవించింది. రష్యాలో పుట్టి అనేక దేశాలు తిరిగిన హెలెనా పెట్రోవ్నా బ్లావట్‌స్కీ, అమెరికా సైన్యంలో కల్నల్ హోదా పొందిన హెన్రీ స్టీల్ ఆల్కాట్, న్యాయవాది విలియం క్వాన్ జడ్జి దాని స్థాపకులలో ముఖ్యులు. అప్పటి అమెరికాలో మృతుల ఆత్మలతో సంభాషించే ప్రేతాత్మవాదం బలంగా ఉండేది. బ్లావట్‌స్కీ, ఆల్కాట్‌ల పరిచయం కూడా ఆ వాతావరణంలోనే జరిగింది. 1877లో బ్లావట్‌స్కీ ప్రకటించిన తొలి బృహద్గ్రంథంలో ఈజిప్టు, గ్రీకు, యూదు రహస్య విద్యలకు ప్రాధాన్యం ఎక్కువ. భారతదేశం దృష్టిపథంలో ఉన్నప్పటికీ అది ఇంకా కేంద్రం కాలేదు. 1879 ఫిబ్రవరిలో వారిద్దరూ బొంబాయి చేరిన తర్వాత దృశ్యం మారింది. 1880 మే 25న సింహళంలోని గాలె నగరంలో ఇద్దరూ పంచశీలను స్వీకరించి బౌద్ధులయ్యారు. 1882 చివర సమాజ ప్రధాన కార్యాలయం మద్రాసు సమీపంలోని అడయారు నదీతీరానికి మారింది. 1888లో బ్లావట్‌స్కీ రెండవ బృహద్గ్రంథం 'సీక్రెట్ డాక్ట్రిన్' వెలువడే నాటికి కర్మ, మన్వంతరం, ప్రళయం, నిర్వాణం వంటి మాటలు సమాజపు నిత్యవ్యవహారంలో చేరిపోయాయి.

ఆ మాటలకు వారు చెప్పిన అర్థాలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది అసలు ప్రశ్న. తాను చెప్పేదంతా హిమాలయాలకు ఆవల నివసించే మహాత్ముల ఉపదేశమని బ్లావట్‌స్కీ చెప్పారు. మోర్య, కూట్ హూమి అనే పేర్లతో ఆ మహాత్ములు రాసినట్లు చెప్పిన ఉత్తరాలు అలహాబాదులో పత్రికా సంపాదకుడుగా ఉన్న ఎ.పి. సిన్నెట్‌కు అందాయి. వాటి ఆధారంగా ఆయన 1883లో 'ఎసోటెరిక్ బుద్ధిజం' అనే పుస్తకం రాశారు. ఆ ఉత్తరాలు అద్భుతరీతిలో వచ్చినవి కావనీ, బ్లావట్‌స్కీయే రాశారనీ 1885లో లండన్ మానసిక పరిశోధక సంఘం తరఫున రిచర్డ్ హాడ్జ్‌సన్ నివేదిక ఇచ్చారు. ఒక శతాబ్దం తరువాత, 1986లో, అదే సంఘపు పత్రికలో వెర్నాన్ హారిసన్ ఆ నివేదికలోని లోపాలను ఎత్తి చూపారు. వివాదం ముగిసిందని ఎవరూ అనలేరు. కానీ సాహిత్య విద్యార్థికి ఉత్తరాల చేతిరాత కంటె వాటిలోని విషయం ముఖ్యం. ఆ విషయాన్ని మూలగ్రంథాలతో పోల్చి చూడడానికి మహిమల గొడవ అక్కరలేదు.

పునర్జన్మ సిద్ధాంతాన్నే తీసుకొందాం. ఉపనిషత్తులలోనూ, ధర్మశాస్త్రాలలోనూ, పురాణాలలోనూ జీవుడు తన కర్మను బట్టి పైకీ పోవచ్చు, కిందికీ పోవచ్చు. మానవుడు జంతుయోనిలో పుట్టవచ్చునని ఛాందోగ్యోపనిషత్తు చెబుతుంది. చెట్టూ చేమా వంటి స్థావరత్వాన్ని కూడా కొందరు పొందుతారని కఠోపనిషత్తు చెబుతుంది. భాగవతంలో జడభరతుడు పూర్వజన్మలో లేడిపిల్లపై మమకారంతో లేడియై పుట్టాడు. పోతన భాగవతం చదివిన తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. జన్మల పరంపర ఒక బంధం. దాని నుంచి విడుదలే మోక్షం. బ్లావట్‌స్కీ వ్యాఖ్యానంలో ఈ చిత్రం తలకిందులైంది. ఒకసారి మానవదశకు చేరిన జీవుడు మళ్లీ జంతువు కాలేడని ఆమె సిద్ధాంతం. జన్మ వెంట జన్మగా జీవుడు మెట్టు మీద మెట్టు ఎక్కుతూ పోతాడు. మానవజాతి మొత్తం ఏడు మూలజాతుల క్రమంలో వికాసం చెందుతుంది. డార్విన్ పరిణామవాదం ఐరోపాను ఊపివేస్తున్న కాలంలో, ప్రగతి అనే భావనకు అందరూ మొక్కుతున్న కాలంలో ఈ వ్యాఖ్య పుట్టింది. సంసారం బంధమని చెప్పిన సిద్ధాంతం, సంసారమే పాఠశాల అని చెప్పే సిద్ధాంతంగా మారిపోయింది. మాట 'పునర్జన్మ'యే, లోపలి సరుకు వేరు. నేడు మన దేశంలోనే చదువుకొన్నవారు కూడా పునర్జన్మను ఆత్మ నేర్చుకొనే పాఠంగా వర్ణించడం తరచుగా వినిపిస్తుంది. ఆ వర్ణన ఉపనిషత్తుల నుంచి నేరుగా వచ్చినది కాదని వారిలో చాలామందికి తెలియదు.

చక్రాల విషయం కూడా ఇటువంటిదే. తంత్రగ్రంథాలలో షట్చక్రాలు ధ్యానానికి ఉద్దేశించినవి. ఒక్కొక్క దళం మీద ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క పద్మంలో ఒక్కొక్క దేవత, ఒక బీజమంత్రం ఉంటాయి. సమాజంలో దివ్యదృష్టి కలవారుగా ప్రసిద్ధి పొందిన చార్లెస్ లెడ్‌బీటర్, తాను కళ్లారా చూచినట్లుగా చక్రాలను వర్ణించారు. 1927 నాటి ఆయన గ్రంథంలో స్వాధిష్ఠాన చక్రం ఉండవలసిన చోట ప్లీహం దగ్గరి చక్రం కనిపిస్తుంది. అక్షరాలూ దేవతలూ తగ్గి రంగులూ ప్రవాహాలూ పెరిగాయి. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జాన్ ఉడ్రఫ్ 1919లో, ఆర్థర్ అవలన్ అనే కలంపేరుతో, పూర్ణానందుని షట్చక్రనిరూపణాన్ని అనువదించారు. లెడ్‌బీటర్ అంతకు పూర్వం ప్రకటించిన వర్ణనలకూ తంత్రగ్రంథాలకూ గల భేదాలను ఆయన ఆ గ్రంథ పీఠికలోనే చూపారు. ఉడ్రఫ్ కూడా పరదేశీయుడే. కనుక తేడా పుట్టిన దేశంలో లేదు, మూలం ముందు కూర్చొనే పద్ధతిలో ఉంది.

గుప్తవిద్యావాదుల పక్షాన ఒక మాట చెప్పుకోవాలి. భారతీయ గ్రంథాలలో రహస్యం అన్న భావన లేకపోలేదు. ఉపనిషత్తు అనే పదానికే రహస్యోపదేశం అనే అర్థం ఉంది. నచికేతుని పరీక్షించిన తర్వాతనే యముడు ఆత్మవిద్యను బోధించాడు. అయితే అక్కడ రహస్యానికి ఆధారం అధికారం, అనగా శిష్యుని యోగ్యత. విద్య ఎక్కడో కొండల వెనుక దాగి లేదు. గురువు ఎదుటనే ఉన్నాడు. ఆ యోగ్యతా నియమాన్ని కూడా అందరూ అంగీకరించలేదు. తిరుకోట్టియూరులో గురువు గుప్తంగా చెప్పిన మంత్రాన్ని రామానుజులు గోపురమెక్కి అందరికీ వినిపించారన్న గాథ వైష్ణవులలో సుప్రసిద్ధం. బుద్ధుడు మహాపరినిర్వాణానికి ముందు, లోపలివారికి ఒకటీ బయటివారికి ఒకటీ అన్న భేదం లేకుండా తాను ధర్మం బోధించానని ఆనందునికి చెప్పినట్లు పాలి గ్రంథం తెలుపుతున్నది. సిన్నెట్ పుస్తకం పేరే 'గుప్త బౌద్ధం' అన్న అర్థం కలది. బౌద్ధంలో అటువంటిది లేదని మాక్స్ ముల్లర్ 1893లో ఘాటుగా విమర్శించారు. మాక్స్ ముల్లర్‌కు వజ్రయాన తంత్రాలపై శ్రద్ధ తక్కువ కాబట్టి ఆయన తీర్పు కొంత అతివ్యాప్తమే. అయినా పాలి త్రిపిటకం వరకు ఆ తీర్పును కాదనడం కష్టం.

మాక్స్ ముల్లర్ కంటె ముందే, అడయారు ప్రాంగణంలోనే, ఒక తెలుగు యువకుడు ఈ ప్రశ్నను లేవనెత్తాడు. ఆయన తల్లాప్రగడ సుబ్బారావు. 1856లో జన్మించి, కాకినాడలో చదివి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రులై, మద్రాసులో న్యాయవాద వృత్తి చేపట్టారు. సమాజం మద్రాసుకు రావడంలో ఆయన చొరవ కూడా ఉంది. బ్లావట్‌స్కీ ఆయన పాండిత్యాన్ని ఎంతగానో గౌరవించారు. తన రెండవ గ్రంథపు రాతప్రతిని పరిష్కరించవలసిందిగా 1886లో ఆయనకు పంపారు. ఆయన అంగీకరించలేదు. 1886 డిసెంబరులో అడయారు మహాసభలో ఆయన భగవద్గీతపై చేసిన ఉపన్యాసాలలో విభేదం బయటపడింది. మనిషిలో ఏడు తత్త్వాలున్నాయన్నది సమాజంలో ప్రచారంలో ఉన్న విభాగం. గీతార్థానికి ఆ విభాగం పనికిరాదని సుబ్బారావు భావించారు. తారకరాజయోగ సంప్రదాయాన్ని అనుసరించి స్థూల, సూక్ష్మ, కారణ ఉపాధులు మూడు, వాటికి అతీతమైన ఆత్మ ఒకటి, మొత్తం నాలుగే చాలునన్నారు. 1887లో సమాజ పత్రిక 'థియోసఫిస్ట్'లో బ్లావట్‌స్కీకీ ఆయనకూ మధ్య వాదోపవాదాలు జరిగాయి.

నాలుగా, ఏడా అన్నది బయటివారికి లెక్కల తగాదాలా తోస్తుంది. నిజానికి అది వ్యాఖ్యాన ధర్మానికి సంబంధించిన తగాదా. గీతను వివరించడానికి గీతకు సన్నిహితమైన సంప్రదాయపు పరిభాషను వాడాలా, లేక ముందే సిద్ధం చేసుకొన్న చట్రంలో గీతను బిగించాలా? సుబ్బారావు మొదటి పక్షం. సుబ్బారావూ మహాత్ములను నమ్మినవారే, గుప్తవిద్యను ఆదరించినవారే. అందుచేత ఆయన అభ్యంతరాన్ని పరుల నింద అనడానికి వీలులేదు. 1888లో ఆయన సమాజానికి రాజీనామా చేశారు. 1890 జూన్ 24న, 34వ ఏట, వ్యాధిగ్రస్తులై కన్నుమూశారు. తెలుగు సాహిత్య చరిత్రలలో ఆయన పేరు కనిపించకపోవడానికి ఆయన ఆంగ్లంలోనే రాయడం ఒక కారణం. ఆ ఉపేక్ష మాత్రం సమంజసం కాదు.

దోషాలు చెప్పి గుణాలు దాచడం విమర్శ అనిపించుకోదు. పాలకజాతికి చెందినవారు భారతీయ మతాలను మూఢత్వంగా ఎంచుతున్న రోజులలో, ఈ సమాజం వారు వాటి ముందు తలవంచారు. 1889 ప్రాంతంలో లండన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న గాంధీజీని గీత చదవమని ప్రోత్సహించినవారు ఇద్దరు దివ్యజ్ఞాన సమాజ సభ్యులు. అంతవరకు తాను గీతను సంస్కృతంలో గాని, గుజరాతీలో గాని చదవలేదని చెప్పుకోవలసి వచ్చి సిగ్గుపడ్డానని ఆయన ఆత్మకథలో రాసుకొన్నారు. ఆల్కాట్ 1894లో అడయారు సమీపంలో పంచముల బాలలకు ఉచిత పాఠశాల తెరిచారు. 1893లో భారతదేశానికి వచ్చిన అనీబిసెంట్ 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కళాశాలను స్థాపించారు. 1907లో సమాజాధ్యక్షురాలయ్యారు. 1916లో హోంరూల్ లీగును నెలకొల్పారు. 1917లో కాంగ్రెసు అధ్యక్షపీఠం అధిష్ఠించారు.

మదనపల్లెలో 1915లో ఆమె ప్రారంభించిన దివ్యజ్ఞాన కళాశాల రాయలసీమ విద్యాచరిత్రలో ఒక మైలురాయి. హోంరూల్ ఉద్యమం ఉధృతమైనప్పుడు ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపును కోల్పోయి, అడయారు కేంద్రంగా ఏర్పడిన జాతీయ విశ్వవిద్యాలయం నీడకు చేరింది. దానికి కులపతి రవీంద్రనాథ ఠాకూరు. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ కళాశాలకు ప్రిన్సిపాల్. 1919లో రవీంద్రుడు ఆయన ఆహ్వానంపై మదనపల్లెకు వచ్చి కొన్ని రోజులు గడిపారు. ఫిబ్రవరి 28న 'జనగణమన' గీతాన్ని అక్కడే స్వయంగా ఆంగ్లంలోకి అనువదించారు. కజిన్స్ సతీమణి మార్గరెట్ ఆ గీతపు బాణీకి స్వరలిపి సమకూర్చారు. జాతీయగీత చరిత్రలో మదనపల్లెకు చోటు దక్కిందంటే అది గుప్తవిద్యావాదులు నెలకొల్పిన కళాశాల చలవే.

అయితే ఆ కళాశాల గోడలకు బయట ఉన్న మతాన్ని వారు చదివారా అన్న ప్రశ్న మిగిలే ఉంది. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా ముందుకు వెళితే చౌడేపల్లె వస్తుంది. ఆ మండలంలోనే బోయకొండ గంగమ్మ కొండ ఉంది. బోయలు తమపై దాడికి వచ్చిన నవాబు సైనికులను ఎదుర్కొనలేక అమ్మవారిని వేడుకొంటే ఆమె వెలిసి రక్షించిందని స్థానికుల కథనం. భక్తులు అమ్మవారి శిరస్సుపై పూలుంచి, పువ్వు పడిన తీరును బట్టి ఆమె మనసు తెలుసుకొంటారు. కోళ్లు, పొట్టేళ్లు మొక్కుబడిగా సమర్పిస్తారు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మకూ, కుప్పంలో తిరుపతి గంగమ్మకూ జాతరలు జరుగుతాయి. ఈ సీమలో సామాన్యుని మతం ఇది. ఇందులో గ్రంథం లేదు, మన్వంతరాల గణన లేదు. వానా, పంటా, పసిబిడ్డల జ్వరమూ, ఊరి క్షేమమూ దీని విషయాలు.

కాశీ కళాశాల కోసం బిసెంట్ అనుచరులు కూర్చిన 'సనాతన ధర్మ' పాఠ్యగ్రంథాలు శ్రుతి, స్మృతి, ఇతిహాస, పురాణాలను ప్రమాణాలుగా గ్రహించాయి. ఆ కొలతతో చూస్తే గంగమ్మ కనిపించదు. విచిత్రమేమంటే, గంగమ్మల గురించీ, పోలేరమ్మల గురించీ విపులంగా రాసినవారు ఆ కొలువును రూపుమాపాలనుకొన్న క్రైస్తవ మత ప్రచారకులే. తెలుగు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు డబ్ల్యు.టి. ఎల్మోర్ 1915లోనూ, మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లోనూ గ్రామదేవతలపై గ్రంథాలు ప్రకటించారు. వారి తీర్పులు కఠినమైనవి, కొన్నిచోట్ల అన్యాయమైనవి. అయినా బలి ఎవరు ఇస్తారు, కుండ ఎవరు మోస్తారు, అమ్మవారు ఎవరిని పూనుతుంది అన్న వివరాలు వారి పుటలలో దొరుకుతాయి. తూర్పుదేశపు జ్ఞానాన్ని ప్రేమించినవారి పుటలలో దొరకవు. ప్రేమించినవారు తమకు కావలసిన తూర్పును ఎంచుకొన్నారు.

వ్యాఖ్యానం గ్రంథాలతో ఆగి ఉంటే పండితుల వివాదంగా మిగిలేది. అది ఒక బాలుని జీవితంపై వాలింది. జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో తహసీల్దారుగా పనిచేసిన ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజంలో చాలాకాలంగా సభ్యుడు. ఆయన భార్య సంజీవమ్మ 1895 మేలో మదనపల్లెలో తన ఎనిమిదవ సంతానాన్ని కన్నది. దేవకీదేవి అష్టమగర్భాన్ని తలచుకొని ఆ బిడ్డకు కృష్ణమూర్తి అని పేరు పెట్టారు. 1905లో సంజీవమ్మ మరణించింది. ఉద్యోగ విరమణ తర్వాత నారాయణయ్య సమాజ కార్యాలయంలో పనికి కుదిరి, 1909 జనవరిలో కుమారులతో అడయారు చేరాడు. కొద్ది నెలలకే సముద్రపుటొడ్డున ఆడుకొంటున్న ఆ బాలుని లెడ్‌బీటర్ చూశారు. బాలుడు బక్కపలుచగా, చదువులో మందంగా ఉండేవాడు. అతనిలో స్వార్థలేశం లేని తేజస్సు కనిపించిందనీ, రాబోయే జగద్గురువుకు ఇతడే దేహం కాబోతున్నాడనీ లెడ్‌బీటర్ ప్రకటించారు.

ఈ జగద్గురువు ఎవరు? మైత్రేయుడు. పాలి గ్రంథాల ప్రకారం శాక్యముని ధర్మం లోకంలో పూర్తిగా అంతరించిన తర్వాత, మానవుల ఆయుర్దాయం 80,000 సంవత్సరాలకు పెరిగిన యుగంలో మైత్రేయుడు జన్మించి బుద్ధుడవుతాడు. లెడ్‌బీటర్, బిసెంట్‌ల వ్యాఖ్యలో ఆయన రహస్య సోపానంలో ఒక పదవిని నిర్వహించే మహాపురుషుడు. పూర్వం శ్రీకృష్ణుడుగా వచ్చినదీ, ఏసు దేహంలో ప్రవేశించి బోధించినదీ ఆయనే. త్వరలో మరొక దేహంలో ప్రవేశిస్తాడు. వైష్ణవుల అవతార భావన, బౌద్ధుల భవిష్యద్బుద్ధుడు, క్రైస్తవుల పునరాగమనం మూడూ ఒకే పాత్రలో కలిసిపోయాయి. మూడు మతాల వారిలో ఎవరు చదివినా తమది కొంత, తమది కానిది చాలా కనిపిస్తుంది.

1911లో ఆ బాలుని ప్రధానునిగా చేసి 'నక్షత్ర సంఘం' స్థాపించారు. కృష్ణమూర్తినీ, తమ్ముడు నిత్యానందనూ ఇంగ్లండుకు తీసుకొనిపోయారు. 1910లో సంరక్షకత్వ పత్రంపై సంతకం చేసిన తండ్రి, తర్వాత మనసు మార్చుకొన్నాడు. పిల్లలు లెడ్‌బీటర్ సాహచర్యంలో ఉండడం ఆయనకు సమ్మతం కాలేదు. కన్నకొడుకును దేవునిగా చేసి పూజించడమూ రుచించలేదు. 1912లో ఆయన బిసెంట్‌పై దావా వేశాడు. బిసెంట్ తన పక్షాన తానే వాదించుకొన్నారు. 1913లో తీర్పు తండ్రికి అనుకూలంగా వచ్చింది. 1914 మేలో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దానిని రద్దు చేసింది. పిల్లల అభీష్టాన్ని విచారించలేదన్నది కారణాలలో ఒకటి. గెలిచినది న్యాయసూత్రమే కావచ్చు. ఇంటికి పిల్లలు రాలేదు. తానే నమ్మిన సిద్ధాంతం తన ఇంటి మీదికి వచ్చినప్పుడు ఆ తహసీల్దారు పడిన వేదనను దివ్యజ్ఞాన చరిత్రకారులు తరచు రెండు వాక్యాలలో ముగిస్తారు.

జగద్గురు ప్రచారం సమాజంలోనే చీలికలు తెచ్చింది. జర్మనీ శాఖకు నాయకుడైన రుడాల్ఫ్ స్టైనర్ దానిని అంగీకరించక విడిపోయి, 1912-13లో ఆంత్రోపాసఫీ సమాజాన్ని నెలకొల్పారు. గుప్తవిద్యా సంప్రదాయంలోనే పెరిగిన ఫ్రెంచి రచయిత రెనె గెనోన్ 1921లో దివ్యజ్ఞాన సమాజంపై ఒక ఖండన గ్రంథమే రాశారు. భారతీయ పరిభాషను కప్పుకొన్న ఆధునిక ఐరోపా భావాలే దానిలో ఉన్నాయన్నది ఆయన వాదం. సుబ్బారావు మృదువుగా చెప్పిన మాటనే గెనోన్ కత్తి దూసి చెప్పారు.

కృష్ణమూర్తి తన సమాధానం చెప్పడానికి సమయం తీసుకొన్నారు. 1925 నవంబరు 13న నిత్యానంద క్షయవ్యాధితో అమెరికాలోని ఓహైలో మరణించాడు. తమ్ముని ప్రాణానికి మహాత్ముల అభయం ఉందని అంతవరకు నమ్మిన కృష్ణమూర్తికి ఆ మరణం పెద్ద దెబ్బ. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్ శిబిరంలో, బిసెంట్ సమక్షంలో, వేలాది సభ్యుల ఎదుట ఆయన నక్షత్ర సంఘాన్ని రద్దు చేశారు. ఏ సంస్థా, ఏ మతమూ, ఏ గురువూ మనిషిని సత్యానికి చేర్చలేరని ఆయన ప్రసంగ సారాంశం. సంఘానికి దానంగా వచ్చిన ఏర్డె కోటనూ భూములనూ దాతకు తిరిగి ఇప్పించారు. 1930లో దివ్యజ్ఞాన సమాజం నుంచీ వైదొలిగారు. తనను మైత్రేయునిగా చూపిన వ్యాఖ్యానాన్ని ఆయన మరొక వ్యాఖ్యానంతో ఖండించలేదు. అసలు తనపై వ్యాఖ్యానమే వద్దన్నారు. ఆ తర్వాత అర్ధశతాబ్దం పైగా చేసిన ప్రసంగాలలో ఆయన గీతను గాని, ఉపనిషత్తులను గాని, త్రిపిటకాలను గాని ప్రమాణంగా స్వీకరించలేదు. ఇది సుబ్బారావు మార్గానికి పూర్తిగా భిన్నం. ఒకరు మూలాన్ని కాపాడడానికి నిలబడ్డారు. ఒకరు మూలాన్నీ వ్యాఖ్యానాన్నీ రెండింటినీ పక్కన పెట్టారు. సంప్రదాయ సాహిత్యాన్ని చదివేవారికి మొదటి మార్గమే ఎక్కువ ఉపకరిస్తుంది. రెండవ దానిలోని ధైర్యాన్ని మాత్రం కాదనలేము.

1920లలో ఆయన మదనపల్లె సమీపంలో, రిషికొండ నీడన ఒక లోయను పాఠశాల కోసం ఎంచుకొన్నారు. రిషివ్యాలీ పాఠశాల అక్కడ పెరిగింది. ఒకే పట్టణ పరిసరాలలో బిసెంట్ కళాశాల ఒకవైపు, బిసెంట్ ఆశలను కాదన్న శిష్యుని పాఠశాల ఒకవైపు నిలిచాయి. అయినా వారిద్దరి మధ్య ద్వేషం లేదు. 1933 సెప్టెంబరు 20న ఆమె మరణించే వరకూ కృష్ణమూర్తి ఆమెను అమ్మగానే భావించారు. ఆమె మరణానంతరం ఆయన అడయారు ప్రాంగణంలో అడుగు పెట్టలేదు. 1980లో సమాజాధ్యక్షురాలిగా ఎన్నికైన రాధా బర్నియర్ ఆహ్వానంపై, 47 సంవత్సరాల తర్వాత, ఆయన మళ్లీ ఆ ద్వారం దాటి, చెట్ల మధ్య నుంచి తాను బాల్యంలో ఆడుకొన్న సముద్రపుటొడ్డు వరకు నడిచారు.